డాక్టరుగారి ‘హోర్’, నా హోరు

చెవిలో రొద పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా, రేపటికి అదే తగ్గుతుందిలే అని తిరుగుతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నాకైతే తగ్గలేదు. అయినా హాయిగానే ఉన్నాను. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా కుదిరాయో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. మధ్యలో నవ్వొస్తే మొహమాటపడకుండా నవ్వండి. అదంతా జరుగుతున్నప్పుడు మా ఇంట్లో ఒక్కరికీ నవ్వు రాలేదు.

ఫిబ్రవరి

అది రెండువేల ఆరు. నేను కేంద్ర ప్రభుత్వంలో స్టెనోని. విశాఖపట్నంలో చాలా ఏళ్ళు పనిచేశాక ప్రమోషన్ మీద ఢిల్లీ వేశారు. మామూలుగా మొగుడి బదిలీకి పెళ్ళాం సామాను సర్దుకుంటుంది. మా ఇంట్లో అది తిరగబడింది. నా బదిలీ కోసం మా ఆయన సత్యంగారు ఉన్న ఉద్యోగం మానేసి, గుర్‌గావ్‌లో ఒక కంపెనీలో అకౌంట్లు చూసే పని వెతుక్కున్నారు. ఏడో తరగతి మధ్యలో బడి మార్పించినందుకు మా అమ్మాయి చిన్ని నాతో మాట్లాడటం మానేసింది. అలక తీరి నోరు విప్పేసరికి ఆ నోట్లోంచి హిందీ వచ్చింది.

ఆర్.కె. పురంలో క్వార్టర్‌కి దరఖాస్తు పెట్టి, అది వచ్చేదాకా జనక్‌పురిలో మేడ మీద వాటా అద్దెకు తీసుకున్నాం. కింద ఇంటి ఓనరు పమ్మీ ఆంటీ ఉండేది. పంజాబీ ఆవిడ, మంచి మనిషి, గొంతు మాత్రం వీధి మలుపు దాకా వినిపిస్తుంది. చలికాలమంతా ఎవరి తలుపులు వాళ్ళం వేసుకుని ఉండటం వల్ల మెట్ల దగ్గర ఒక నమస్తే తప్ప పెద్దగా మాటల్లేవు.

నా హిందీ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. చిన్నప్పుడు హిందీ పరీక్షలన్నీ ఫస్టు క్లాసులో పాసయ్యాను. నా హిందీలో వ్యాకరణ దోషం దీపం పెట్టి వెతికినా దొరకదు. ఆ హిందీ ఢిల్లీలో ఎవరూ మాట్లాడరన్న సంగతి మాత్రం నా పుస్తకాల్లో ఎక్కడా రాయలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం వంటింట్లో పని చేసుకుంటున్నాను. కుక్కర్ విజిల్ వేసేముందు సన్నగా ‘స్స్‌స్’ అంటుందే, ఆ చప్పుడు మొదలైంది. విజిల్ మాత్రం రావడం లేదు. వెళ్ళి చూస్తే నేనింకా స్టవ్ వెలిగించనే లేదు.

మా ఆయనకి ఇలాంటి పనులంటే సరదా. చెప్పగానే చొక్కా చేతులు మడిచారు. ఫ్రిజ్ ప్లగ్గు పీకి “ఇప్పుడు?” అన్నారు. “వస్తోంది” అన్నాను. స్టెబిలైజర్ ఆపారు. ట్యూబులైటు ఆపారు. నీళ్ళ ఫిల్టరు, టీవీ, చివరికి గోడ గడియారంలో బ్యాటరీ కూడా తీసేశారు. “ఇప్పుడు?” “వస్తోందండీ.” అప్పుడే కరెంటు పోయింది. వీధి వీధంతా ఒక్కసారిగా ఆగింది. కింద పమ్మీ ఆంటీ సీరియల్ ఆగింది, ఎదురింటి గీజరు ఆగింది, ఆదివారం కదా, బండ్లు కూడా లేవు.

“ఇప్పుడు?” అన్నారు ఆశగా.

“ఇప్పుడు ఇంకా బాగా వినిపిస్తోంది.”

ఆయన చొక్కా చేతులు కిందికి దించి, “అయితే విమలా, అది నువ్వే” అన్నారు.

నా కుడిచెవిలోంచే ఆ చప్పుడు. అది ఎందుకు వచ్చిందో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. జలుబు వల్లన్నారు, ఎదురుగా టెంటు వేసి చేసిన పెళ్ళిలో బ్యాండు వల్లన్నారు, వయసన్నారు. నాకప్పటికి నలభై నిండలేదు, అందుకని ఆ చివరిదాన్ని నేను ఒప్పుకోలేదు.

భయం మర్నాడు ఆఫీసులో మొదలైంది. మా సర్ ఒడిశా ఆయన. నెమ్మదస్తుడు, చెప్పేదంతా తన మీసాలకే చెబుతున్నట్టు డిక్టేషన్ ఇస్తారు. అంతవరకూ ఆ గొణుగుడులోంచి కామా ఎక్కడుందో కూడా పట్టుకునేదాన్ని. చెవి, చెయ్యి, ఈ రెండే నా చదువు. ఆరోజు మాటల చివరి అక్షరాలు ఆ ‘స్స్‌స్’లో పడి మాయమవుతుంటే వాటిని ఊహించి రాసుకున్నాను. మా అంతస్తులోనే మిశ్రాగారని పెద్ద స్టెనో ఉండేవారు. ఆయనకి చెవుడు వచ్చిందని తెలిసి, చాలా మర్యాదగా, దండలాంటిది కూడా వేసి, కింద నేలమాళిగలో డిస్పాచ్ సెక్షన్‌కి పంపారు. ఇప్పుడాయన లిఫ్టు మోటారు పక్కన కూర్చుని కవర్లకి జిగురు రాస్తూ ఉంటారు. నా ఉద్యోగం కోసం మొగుడు ఉద్యోగం మానుకున్నాడు, పిల్ల బడి మారింది. నేను కవర్లకి జిగురు రాయడానికా వీళ్ళందర్నీ ఇంత దూరం లాక్కొచ్చింది?

“మూడో మనిషికి తెలియకూడదు” అని మా ఆయన చేత ఒట్టు వేయించుకున్నాను. చిన్నిని లెక్కలోకి తీసుకోలేదు, అది ఎటూ మా మాటలు వినదు కాబట్టి.

హోలీ ముందు

జనక్‌పురిలోనే ఒక చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. చెవి డాక్టరు దగ్గర వెయిటింగ్ రూమ్ ఎలా ఉంటుందో చూడని వాళ్ళకి చెప్పినా అర్థం కాదు. కాంపౌండరు తలుపు తెరిచి పేరు పిలుస్తాడు. ఎవరూ లేవరు. అందరూ పక్కవాళ్ళని “క్యా బోలా?” అని అడుగుతారు. పక్కవాళ్ళు “క్యా?” అంటారు. ఒక పెద్దాయన తన పేరు కాకపోయినా ప్రతిసారీ లేచి నిలబడేవాడు, ఎందుకైనా మంచిదన్నట్టు. నా పక్కన కూర్చున్న ముసలావిడ నా మొహంలో భయం చూసిందేమో, సంచీలోంచి సోంపు తీసి నా చేతిలో పోసి, చెవి వైపు చూపించి, అదేం కాదులే అన్నట్టు చెయ్యి ఊపింది. ఆవిడతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు, మాట్లాడినా లాభం లేదు. కానీ ఆ పూట నాకు దొరికిన మొదటి ధైర్యం ఆ సోంపే.

డాక్టరుగారు సర్దార్జీ. పెద్ద గడ్డం, చల్లని కళ్ళు. “హాఁజీ, క్యా తక్లీఫ్ హై?” అన్నారు.

నా ఫస్టు క్లాసు హిందీ అక్కడ చేతులెత్తేసింది. చెవిలో హోరుని హిందీలో ఏమంటారు? ఏ పాఠంలోనూ రాలేదు. తడుముకుని తడుముకుని, మన మాటే పెట్టి చెప్పేశాను. “డాక్టర్ సాబ్, కాన్ మేఁ హోరు హై.”

ఆయన తలూపి, రాసుకుంటూ, “హోర్?” అన్నారు.

నా ప్రాణం లేచొచ్చింది. మన మాట ఆయనకి తెలుసు! “హాఁజీ, హోరు” అన్నాను.

“హోర్?”

“హోరే, డాక్టర్ సాబ్. దిన్ రాత్.”

“హాఁ హాఁ. హోర్ కీ?”

ఏ చెవికి అంటున్నారనుకుని, నేను ఎడమచెవి చూపించి ఇందులో లేదన్నాను, కుడిచెవి చూపించి “ఇస్‌మే హోరు” అన్నాను. ఆయన కలం కింద పెట్టారు. నన్ను చూశారు. నా పక్కన కూర్చున్న మా ఆయన్ని చూశారు. మళ్ళీ నన్ను చూశారు. తర్వాత చాలా మర్యాదగా, “భాయ్‌సాబ్, ఆప్ జరా బాహర్ బైఠియే” అని మా ఆయన్ని బయటికి పంపేశారు.

తలుపు వేశాక ముందుకు వంగి, గొంతు తగ్గించి, “అబ్ బతాయియే బేటా. డరియే మత్. హోర్?” అన్నారు.

అంత ఆప్యాయంగా నా రోగాన్ని దాని పేరుతో పిలిచిన మనిషిని చూసి నాకు కన్నీళ్ళు వచ్చేశాయి. “హోరు... బహుత్ హోరు” అని వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన పెద్దగా నిట్టూర్చి, నీళ్ళ గ్లాసు నా ముందుకు జరిపారు.

చెవి పరీక్ష చేయించారు. కుడిచెవికి సన్నటి శబ్దాలు కాస్త తక్కువ వినిపిస్తున్నాయట, ప్రమాదం ఏమీ లేదట. దీని పేరు టినిటస్ అన్నారు. కంగారు పడ్డా, టెన్షన్ పెట్టుకున్నా, ఉన్నట్టుండి ఉలిక్కిపడ్డా ఇది పెరుగుతుంది, ఫ్యానో కూలరో మెల్లగా తిరుగుతూంటే మరుగున పడుతుంది అన్నారు. ఆ తర్వాత మా ఆయన్ని లోపలికి పిలిచి, కుర్చీ కూడా చూపించకుండా, నిలబెట్టి చెప్పారు. భార్యకి టెన్షన్ ఇవ్వకూడదు, షాక్ ఇవ్వకూడదు, ఇంట్లో ప్రేమగా మాట్లాడాలి, అర్థమైందా అని.

మెట్లు దిగుతూ మా ఆయన, “నేనేం చేశానే?” అన్నారు.

“ఏమీ చెయ్యలేదు. డాక్టరుగారికి తెలుగు వచ్చండీ” అన్నాను సంబరంగా.

మర్నాడు పొద్దున్న మెట్రోకి పరిగెడుతున్నాను. చలి తగ్గింది కదా, పమ్మీ ఆంటీ గేటు దగ్గర కుర్చీ వేసుకుని బఠాణీలు ఒలుస్తోంది. నన్ను చూసి వీధంతా వినపడేలా, “హోర్ సునావో, విమ్‌లా జీ!” అంది.

హోరు వినిపించమంటోంది! చెవిలో ‘స్స్‌స్’ కాస్తా ఒక్క గెంతున ‘క్రీ’ మని లేచింది. డాక్టరు చెప్పింది అక్షరాలా నిజం, ఉలిక్కిపడితే పెరుగుతుంది. నేను ఏదో గొణిగి పారిపోయాను. రాజీవ్ చౌక్‌లో బండి మారేదాకా ఒకటే ఆలోచన. ఇంట్లో ఇద్దరికే తెలుసు. నేను చెప్పలేదు. మిగిలింది ఎవరు?

కూలర్ల కాలం

ఇక ఇంట్లో సంగతి. డాక్టరు మందలింపు మా ఆయన మనసుకి బాగా తగిలింది. నాకు షాక్ ఇవ్వకూడదని నిర్ణయించుకున్నారు. ఏ పనైనా ముందే ప్రకటించి చెయ్యడం మొదలుపెట్టారు.

“విమలా, తలుపు వేస్తున్నాను.” “విమలా, మిక్సీ ఆన్ చేస్తున్నాను, సిద్ధమేనా?” “విమలా, తుమ్మొస్తోంది.” తుమ్ము ఒక పట్టాన రాదు. ఆయన మొహం పైకెత్తి, నోరు తెరిచి, చెయ్యి గాల్లో పెట్టి నిలబడేవారు. నేను గరిటె పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఎదురుచూసేదాన్ని. ఆ ఎదురుచూపులో నా హోరు పెరిగి పెరిగి చెవిలోంచి కారిపోతుందేమో అనిపించేది. అప్పుడాయన, “పోయింది” అనేవారు.

చిన్ని ఇంకా ఘోరం. “మమ్మీ, ఏక్ బాత్ బతానీ హై. పెహ్‌లే బైఠ్ జావో. పానీ పీలో. ఘబరానా మత్” అని, ముందు కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి, కంగారు పడొద్దంటూ మొదలుపెట్టేది. ఫెయిలైందేమో, తల పగలగొట్టుకుందేమో, ఎవరినైనా పగలగొట్టిందేమో అని వణికిపోయేదాన్ని. చివరికి దానికి కావలసింది కొత్త కంపాస్ బాక్సు.

ఇంత జాగ్రత్తగా ఉండే మనిషి నా రహస్యం బయటపెట్టారంటే నమ్మబుద్ధి కాలేదు. కానీ పమ్మీ ఆంటీ రోజూ అడుగుతోందిగా! కూరలు కొనేటప్పుడు ఆ వీధి ఆడవాళ్ళు కూడా ఒకరినొకరు చూసుకుని హోర్, హోర్ అంటున్నారు. నా గురించి నా ముందే! ఆఫీసులో మా సెక్షన్ ఆఫీసరు అరోరాగారు టిఫిన్ డబ్బా మూస్తూ, “హోర్ జీ? సబ్ వధియా?” అనడం విన్నాను, హోరు అంతా బాగేనా అన్నట్టు. అంతకు ముందు కూడా అని ఉంటారు, పలకరింపులో ఏదో నములుతున్నారనుకునేదాన్ని. ఇప్పుడు ఆ మాట కోసమే చెవి కాచుకుని కూర్చుంది. జనక్‌పురిలో చెప్పింది ఆఫీసు దాకా ఎలా పాకిందా అని ఆలోచించి, అరోరాగారికి జనక్‌పురిలో మేనల్లుడు ఉన్నాడని గుర్తు తెచ్చుకున్నాను. అంతే, మొత్తం దారి దొరికిపోయింది.

ఏప్రిల్లో ఒకరోజు ఇంటికి వచ్చేసరికి మా కిటికీకి కూలర్ బిగించి ఉంది. పమ్మీ ఆంటీ తన పాత కూలర్ పైకి పంపించిందట. “ఊపర్ బహుత్ తప్‌తా హై నా, విమ్‌లా జీ, లే లో” అంది. మేడ మీద వేడెక్కుతుందని ఇచ్చింది పాపం. నేను మాత్రం దాన్ని ఇంకోలా లెక్కేశాను. కూలర్ చప్పుడుకి నా హోరు మరుగున పడుతుందని డాక్టరు చెప్పింది మా ఇద్దరికే. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఆ సాయంత్రం మా ఆయన రాగానే విరుచుకుపడ్డాను. “ఒట్టు వేశారు కదండీ! ఆవిడ దాకా ఎందుకు మోశారు?”

“దేన్ని?”

“నా చెవిని!”

“నేను ఎవరికీ చెప్పలేదే బాబూ. నాకు ఆవిడతో మాట్లాడ్డానికి హిందీ ఎక్కడ ఏడిసింది?”

“కూలర్ అని చెప్పడానికి హిందీ ఎందుకూ?”

దానికి ఆయన దగ్గర జవాబు లేదు. జవాబు లేకపోవడమే తప్పు ఒప్పుకోవడం అని తీర్పు చెప్పేసి, ఆ రోజు నుంచి మాట్లాడటం మానేశాను. “చిన్నీ, మీ నాన్నకి చెప్పు, అన్నం పెట్టాను.” “చిన్నీ, మీ అమ్మకి చెప్పు, ఆకలి లేదు.” అది మధ్యలో కూర్చుని రెండు వైపులా హిందీలోకి అనువదించేది. ఆయనకి కోపం వచ్చింది, నాకు తెలుసు. పగలంతా ఒక్క మాట ఆడేవారు కాదు. కానీ ఒక రోజు వంటింట్లోకి చిన్ని పరిగెత్తుకుంటూ వచ్చి, “మమ్మీ, పాపా ఛీంక్‌నే వాలే హైఁ” అంది. అంత కోపంలోనూ తుమ్ముకి ముందు కబురు పంపుతున్నారు! నాకు నవ్వు రావాల్సింది. దుఃఖం వచ్చింది. ఇంత మంచి మనిషి ఆ ఒక్క మాట ఎందుకు దాచుకోలేకపోయారా అని.

ఆ నెలలో హోరు ఎంత పెరిగిందో చెప్పలేను. నిజంగా పెరిగిందో, ఇంట్లో మాటలు లేక ఖాళీ అంతా అదే ఆక్రమించిందో కూడా తెలియదు. కూలర్ ముందు కూర్చుంటే కాస్త నయంగా ఉండేది. అయితే అది పమ్మీ ఆంటీ కూలర్ అని గుర్తుకొస్తే మళ్ళీ పెరిగేది.

మే నెలలో జరగకూడనిది జరిగింది. ఏదో సంఘం వాళ్ళు పంపిన ప్రతిపాదన మీద సర్ నోట్ చెబుతున్నారు. “ది ప్రపోజల్ ఈజ్ నాట్ యాక్సెప్టబుల్.” ఆ ‘నాట్’ చివరి ‘ట్’ మీసాల్లో కొంత, నా హోరులో కొంత పోయింది. నేను టైపు చేసింది ‘నౌ యాక్సెప్టబుల్’. ‘ఒప్పుకోం’ అన్నది కాస్తా ‘ఇప్పుడు ఒప్పుకుంటాం’ అయి కూర్చుంది. కాగితం సర్ దగ్గరికి వెళ్ళి, ఒక్క అక్షరం చుట్టూ ఎర్ర సున్నాతో తిరిగొచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు సర్ గదిలో పుస్తకం తెరిచి కూర్చున్నాను. సర్ ఇంకా నోరు విప్పలేదు. తలుపు తోసుకుని ఫైలుతో అరోరాగారు వచ్చారు. ఫైలు బల్ల మీద పెట్టి, నా వైపు తిరిగి, నిండు నవ్వుతో, “హోర్, విమలా జీ? హోర్ సునావో!” అన్నారు.

సర్ ముందు! చెవిలో హోరు ఎంత ఎత్తుకి లేచిందంటే గది గోడలు కూడా ఈల వేస్తున్నట్టనిపించింది. ఇక దాచి లాభం లేదు. లేచి నిలబడి ఇంగ్లీషులో గడగడా చెప్పేశాను. నిజమే సర్, నా చెవిలో హోరు ఉంది, ఫిబ్రవరి నుంచీ ఉంది, దాచినందుకు క్షమించండి, డిస్పాచ్‌కి పంపాలనుకుంటే పంపండి గానీ ఇలా రోజుకొకరు నన్ను ఆట పట్టించడం మాత్రం న్యాయం కాదు.

“మీకు చెవిలో సమస్య ఉందా?” అన్నారు సర్.

“మీకు తెలియదా సర్?”

“ఇప్పుడే తెలిసింది.”

నేను అరోరాగారి వైపు తిరిగాను. “మరి మీకు?”

“ముఝే క్యా పతా జీ?” అన్నారాయన బిక్కమొహం వేసి.

“మీరే కదండీ రోజూ అడుగుతున్నారు, హోరు ఎలా ఉంది, హోరు వినిపించు అని!”

అరోరాగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. “మేడమ్,” అన్నారు, “హోర్ మత్‌లబ్ ఔర్. పంజాబీ హై జీ. హోర్ సునావో మత్‌లబ్... ఔర్ సునావో. ఔర్ క్యా హాల్ హై!”

ఔర్. ఇంకా. ఇంకేంటి సంగతులు. అంతే.

నిలబడ్డదాన్ని మళ్ళీ కూర్చున్నాను. పమ్మీ ఆంటీ బఠాణీలు, కూరల దగ్గర ఆడవాళ్ళు, టిఫిన్ డబ్బా, పాత కూలర్, అన్నీ ఒక్కొక్కటే వెనక్కి వెళ్ళి వాటి చోట్లలో కూర్చున్నాయి. చివరికి సర్దార్జీ డాక్టరుగారు గుర్తొచ్చారు. ఆయన ‘హోర్?’ అంటే ఇంకేమైనా ఉందా అని. నేను హోరు, హోరు అని ఏడ్చాను. ఇంకా ఉంది, ఇంకా చాలా ఉంది అని! అందుకే మా ఆయన్ని బయటికి పంపారు. అందుకే నిలబెట్టి తిట్టారు.

మా అంతస్తులో ఎవరికీ తెలియని నా రహస్యాన్ని చివరికి నేనే నా నోటితో, మా సర్‌కే చెప్పుకున్నాను.

సర్ మీసం సవరించుకుని, “నాట్ అంటే వినిపించదా?” అన్నారు.

“వినిపిస్తుంది సర్. చివర ‘ట్’ వినిపించదు. ఎడమచెవి బాగానే ఉంది.”

ఆయన లేచారు. ఇక గది బయటికే అనుకున్నాను. ఆయన తన కుర్చీని బల్ల చుట్టూ ఈడ్చుకొచ్చి నా ఎడమవైపు వేసుకున్నారు. గొంతు సవరించుకుని, నిన్నటి నోట్ మళ్ళీ మొదలుపెట్టారు. “ది మినిస్ట్రీ రిగ్రెట్స్ ఇట్స్ ఇనెబిలిటీ టు యాక్సెప్ట్ ది ప్రపోజల్.” ‘నాట్’ లేదు. ఆ తర్వాత నేను ఆయన దగ్గర పనిచేసినన్నాళ్ళూ ఆయన నోటి వెంట ‘నాట్’ వినలేదు. మా విభాగం నుంచి కాదని వెళ్ళిన ప్రతి ఉత్తరమూ విచారిస్తూనే వెళ్ళింది. సాహెబ్ మనసు ఈ మధ్య మెత్తబడిందని సెక్షన్లో అనుకునేవారు. నిజం నాకూ అరోరాగారికీ తెలుసు.

ఆ సాయంత్రం మా ఆయన చెప్పులు విప్పకముందే గుమ్మంలో నిలబెట్టి అంతా చెప్పాను. తప్పంతా నాదేనండీ అన్నాను. మిమ్మల్ని అనుమానించాను, అన్నం కూడా రాయబారంతో పెట్టాను అన్నాను. ఆయన నవ్వలేదు. ఏదో లెక్క చూసుకుంటున్నట్టు కళ్ళు మూసుకున్నారు.

“అంటే నేను నిన్ను ఏదో చేస్తున్నానని ఆ డాక్టరు అనుకున్నాడా?”

“అవునండీ.”

“అందుకా! మందుల చీటీకి వెళ్ళినప్పుడల్లా ఆ కాంపౌండరు నాకు కుర్చీ ఇవ్వడు. మొన్న ఒక ముసలావిడ నన్ను చూసి తన సోంపు సంచీ దాచుకుంది.”

అప్పుడు వచ్చింది ఆయనకి నవ్వు. గోడ పట్టుకుని నవ్వారు. చాలాకాలానికి ఇంట్లో ముందస్తు ప్రకటన లేకుండా వినిపించిన చప్పుడు అది. నేను ఉలిక్కిపడ్డాను. హోరు లేచింది, మళ్ళీ పడుకుంది.

చిన్ని పుస్తకం మీంచి తల ఎత్తింది. “హోర్ తో సబ్‌కో పతా హై, మమ్మీ.”

“మరి చెప్పలేదేమే?”

“ఆప్‌నే పూఛా కబ్?”

నిజమే, నేనెప్పుడు అడిగాను?

దీపావళి వెళ్ళాక

జనక్‌పురిలో దీపావళి అంటే చెవి ఉన్నవాళ్ళెవరికైనా కష్టమే. రెండు చెవుల్లో దూది పెట్టుకుని లోపలి గదిలో కూలర్ వేసుకుని కూర్చున్నాను. ఆ చలిలో కూలరేమిటని పమ్మీ ఆంటీ పైకి వచ్చి అడిగింది. అప్పుడు చెప్పాను, ఈసారి నా అంతట నేనే. ఆవిడ అంతా విని, ‘మీ ఆయనే అన్నీ అరిచి చెబుతుంటారు కదా, ఆయనకేమో అనుకున్నాను, నీకా’ అని తేలిగ్గా నవ్వి, తన చెవిలో పదేళ్ళుగా ఒక కీచురాయి ఉందని చెప్పింది. టీవీ అంత గట్టిగా పెట్టేది అందుకేనట. ఆ రాత్రి టపాకాయలు అయ్యేదాకా నాతోనే కూర్చుంది.

కొన్నాళ్ళకి చూపించుకోవడానికి మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. సర్దార్జీగారు నన్ను గుర్తుపట్టారు. మా ఆయన్ని ఇంకా బాగా గుర్తుపట్టారు. ఆ చూపు చూసి మా ఆయన తనంతట తనే లేచి తలుపు వైపు నడవబోయారు. చొక్కా పట్టుకుని వెనక్కి లాగి, “కూర్చోండి” అన్నాను. కూర్చున్నారు. ఆ కంగారులో ఏ కబురూ పంపకుండా, గది దద్దరిల్లేలా తుమ్మారు.

నేను అదిరిపడ్డాను. హోరు కూడా అదిరిపడింది. ఒక్క గెంతు గెంతి, కాసేపు రొప్పి, మెల్లగా దాని చోట అది కూర్చుంది. “అయ్యో, సారీ విమలా, చెప్పడం మర్చిపోయాను” అంటున్నారు మా ఆయన, చేతిరుమాలు కోసం వెతుక్కుంటూ. నాకు నవ్వు ఆగలేదు.

డాక్టరుగారు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. మొదటిసారి ఆయన అడిగినప్పుడు నా దగ్గర నిజంగానే ఇంకా చాలా ఉంది. జిగురు కవర్లు, ఎర్ర సున్నా, భయం, అన్నీ ఉన్నాయి. పాపం ఆయన సరిగ్గానే అడిగారు. ఇప్పుడు కూడా కలం తీసి, కాస్త అనుమానంగానే అడిగారు.

“హోర్?”

“హోరు హై, డాక్టర్ సాబ్,” అన్నాను. “హోర్ కుఛ్ నహీఁ.”